ఎడమవైపు లేవని అల

కనకలక్ష్మికి మంగళవారం తప్ప మిగతా వారాలన్నీ ఒక్కలాగే ఉండేవి. ఎనిమిది కొట్టేసరికి కొడుకు సుబ్రహ్మణ్యం స్కూటరు మీద, కోడలు సుష్మ ఆఫీసు బస్సులో మాదాపూర్ వైపు వెళ్లిపోయేవారు. మళ్లీ దీపాలు పెట్టిన చాలాసేపటికి గాని ఆ తలుపు తెరుచుకునేది కాదు. పిల్లా పీచూ లేని ఇల్లు. కొత్తగూడలో అప్పటికి అపార్ట్‌మెంట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మూడో అంతస్తు బాల్కనీలో నిలబడితే బండరాళ్లు, సీతాఫలం పొదలు, వాటికవతల ఆ మధ్యనే లేచిన గుండ్రటి అద్దాల మేడ. మధ్యాహ్నం పూట రాళ్లు పేల్చేవాళ్లు. ముందు ఈల, తరవాత ఎర్రగుడ్డ ఊపడం, తరవాత ధామ్మని చప్పుడు. వంటింట్లో గిన్నెలు ఒక్కసారి గణగణమనేవి. చెప్పొద్దూ, ఆ చప్పుడు కోసం కూడా ఆవిడ ఎదురుచూసేది. ఎవరో పిలిచినట్టుండేది.

అరవై మూడేళ్ల మనిషి. పుట్టిందీ మెట్టిందీ రేపల్లె పక్క ఊళ్లలో. భర్త రామచంద్రం బడిపంతులు, పోయి నాలుగేళ్లయింది. ఆ ఊళ్లో ఆవిడ అరుగు మీద కూర్చుంటే దారినపోయే పాలేరు కూడా ఆగి నాలుగు మాటలు చెప్పి వెళ్లేవాడు. ఒకసారి విన్నది ఆవిడ మరచిపోయేది కాదు. ఎవరి పెళ్లిలో ఏ పిండివంట మాడిందో, ఏ తుఫానునాడు ఎవరి కోడలు ప్రసవించిందో ఆవిడనే అడిగేవాళ్లు. ఇక్కడికొచ్చాక అడిగే దిక్కులేదు. అడవి గాచిన వెన్నెలంటారు చూడండి, ఆవిడ జ్ఞాపకాలు అలాగయ్యాయి.

మంగళవారం సంగతి చెప్పాలంటే ఒక ఆదివారంతో మొదలుపెట్టాలి. తొంభైతొమ్మిదో సంవత్సరం, ఆషాఢం వెళ్లి శ్రావణం వస్తున్న రోజులు. నవీన్ అనే పరిశోధక విద్యార్థి రాసుకునే అట్ట పట్టుకుని ఫ్లాటు ఫ్లాటుకీ తిరుగుతూ వీళ్లింటికీ వచ్చాడు. మాదాపూర్‌లో కొత్తగా పెట్టిన ఒక సంస్థలో, మనిషి చదువుతున్నప్పుడు మెదడులో ఏం జరుగుతుందో చూస్తున్నారట. దానికి యాభై దాటిన ఆడవాళ్లు కావాలి. బాగా చదివేవాళ్లు ముప్ఫైమంది, అక్షరం రానివాళ్లు ముప్ఫైమంది. అతను వచ్చేసరికి కనకలక్ష్మి దేవుడి మూల కూర్చుని, పారాయణం పుస్తకం ఒళ్లో పెట్టుకుని, గడగడా చదువుతోంది.

"బామ్మగారు రోజూ ఎంతసేపు చదువుతారండి?" అని అతను అడిగాడు.

"మా అత్తయ్యగారా? రోజూ గంట. పుస్తకం ముట్టందే కాఫీ కూడా ముట్టరు," అంది సుష్మ.

"ఎంతవరకు చదువుకున్నారు?"

"అయిదో తరగతండి. అప్పట్లో అదే ఎక్కువ."

అతను రాసుకున్నాడు. చదివేవాళ్ల జాబితాలో పదిహేడో పేరు కనకలక్ష్మిది. సంతకం పెట్టమంటే పెట్టింది కూడా.

అసలు సంగతేమిటంటే ఆవిడకి ఒక్క అక్షరం రాదు. అయిదో తరగతి అన్నది యాభై రెండేళ్ల కిందట పెళ్లిళ్ల పేరయ్య ఆడిన అబద్ధం. సంతకం మాత్రం వచ్చు. రామచంద్రంగారు ముగ్గు నేర్పినట్టు నేర్పారు, ఇక్కడ మెలిక, ఇక్కడ సున్నా, ఇక్కడ తోక అని. పారాయణం ఆయన రోజూ తెల్లవారుజామున పైకి చదువుతుంటే పక్కన కూర్చుని మొదటినుంచి చివరిదాకా పట్టేసింది. పుట ఎక్కడ తిప్పాలో కూడా ఆయనే నేర్పారు. ఆ పుటలో ఆఖరి మాట నోట్లోకి రాగానే వేలు తడిచేసుకోవాలి. కుంకుమ మరక ఉన్న పుట తరవాత రెండు పుటలు అంటుకుని ఉంటాయి, జాగ్రత్త. అలా నలభై ఎనిమిదేళ్లు గడిచాయి. అత్తగారు, ఆడపడుచులు, కన్నకొడుకు, ఆఖరికి నవీన్, ఎవరికీ అనుమానం రాలేదు. ఆ మాటకొస్తే ఎందుకొస్తుంది? మన ఇళ్లల్లో పుస్తకం ఒళ్లో పెట్టుకుని పెదవి కదిపే ఆడదాన్ని పరీక్షించే అలవాటు ఎవరికుంది?

ఆ సంగతి తెలిసిన మనిషి లోకంలో ఒక్కరే. ఆయన లేరు.

*

మంగళవారం పొద్దున్న పదింటికి సంస్థ జీపు గేటు ముందాగేది. అందులో కనకలక్ష్మి, ఆవిడతో పాటు ఆ ఇంట్లో అంట్లు తోమే పోచమ్మ. పోచమ్మ రెండో జాబితాలో మనిషి. మొదటిరోజు తలకి గుడ్డటోపీ తొడిగి, దానికున్న కంతల్లోంచి చల్లటి జిగురు పెట్టి, తీగలు తగిలిస్తుంటే పోచమ్మ ఊరుకోలేదు.

"ఏంది సారూ గిది, నా నెత్తిల పేండ్లు ఎతుకుతున్నరా?"

"మెదడు కరెంటు చూస్తున్నామమ్మా," అన్నాడు నవీన్.

"మా ఇండ్లనే కరెంటు లేదు, నా నెత్తిల ఏడికెల్లి ఒస్తది?"

ఆ మాటకి లోపలి గదిలోంచి నవ్వు వినిపించింది. అలా నవ్వినావిడే డాక్టర్ సంయుక్త. ఈ పరిశోధనంతా ఆవిడదే. నంద్యాల అమ్మాయి. ముప్ఫై అయిదేళ్లుంటాయి. బెంగుళూరులో చాలా ఏళ్లు చదివి, ఇక్కడ రెండు గదులూ ఒక యంత్రమూ ఇస్తామంటే వచ్చేసింది. లింగంపల్లిలో ఒక్కతే ఉంటుంది.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. కుర్చీలో కూర్చుని తెరవైపు చూడాలి. ఒక చెంబు బొమ్మ, ఒక ఆవు బొమ్మ, అర్థంలేని గీతలు, మధ్యమధ్య అక్షరాలు వచ్చిపోతుంటాయి. వచ్చిన బొమ్మే వెంటనే మళ్లీ వస్తే మీట నొక్కాలి. పైకి చదవమని ఎవరూ అడగలేదు. కనకలక్ష్మి గుండె చప్పుడు మొదటిరోజు టోపీలోంచి కూడా వినిపించి ఉంటుంది గాని, రెండో వారానికి కుదుటపడింది.

తెర పని అయ్యాక సంయుక్త ఒక కథ చదివి వినిపించేది. గుర్తున్నంత తిరిగి చెప్పాలి. మొదటి కథ ఒక రైతు సంతకెళ్లి ఎద్దుని తోలుకురావడం. కనకలక్ష్మి మొత్తం ఒప్పజెప్పింది. చెప్పి, "ఏమనుకోకు డాక్టరమ్మా, నీ కథలో తేడా ఉంది. సంతలో ఎద్దు నల్లదన్నావు. ఇంటికొచ్చేసరికి ఎర్రదయింది," అంది.

సంయుక్త కాగితం చూసుకుంది. నిజమే. అప్పటికి ఇరవైమంది విన్న కథ అది. ఒక్కరూ పట్టుకోలేదు, రాసిన ఆవిడతో సహా.

ఆ రోజునుంచి తెర పని అయ్యాక ఇద్దరూ కబుర్లలో పడేవారు. "ఈ చదువు సంగతేమిటి, అంత చూడటానికేముంది?" అని కనకలక్ష్మి అడిగితే సంయుక్త చెప్పేది.

"మాట అందరికీ వస్తుందండి. పుట్టిన పిల్లకి మాట కోసం లోపల చోటు సిద్ధంగానే ఉంటుంది. చదువుకి అలా చోటు లేదు. మనిషి చదవడం మొదలుపెట్టి ఎన్నాళ్లయిందని? అందుకని అది ఇంకో పని కోసం ఉన్న చోటులో దూరి కూర్చుంటుంది. ఎక్కడ దూరింది, అక్కడ ముందు ఎవరున్నారు, వాళ్లేమయ్యారు, అదీ నేను వెతికేది."

"అయితే కిరాయికొచ్చి ఇంటాయన్నే జరిపినట్టన్నమాట."

"అదే. మీ మాట నా వ్యాసంలో పెట్టుకుంటాను."

అన్నిటికంటే కనకలక్ష్మికి చివరి పావుగంట కావాలి. తీగలు తీశాక జుట్టులో జిగురు మిగిలిపోయేది. పోచమ్మ కుళాయి కింద తలపెట్టి తనే కడిగేసుకునేది. కనకలక్ష్మికి నడుం వంగదు. అందుకని సంయుక్త స్టూలు వేసి కూర్చోబెట్టి, గోరువెచ్చని నీళ్లు చెంబుతో పోస్తూ, వేళ్లతో పాయ పాయ విడదీసి కడిగేది. నాలుగేళ్లయింది ఆవిడ తలమీద ఇంకొకరి చెయ్యిపడి. మొదటిసారి కళ్లమ్మట నీళ్లొస్తే, జిగురు పడిందని చెప్పింది.

*

అయిదో మంగళవారం టోపీ తొడగలేదు. సంయుక్త గది తలుపు వేసి, రెండు కాగితాలు బల్లమీద పరిచింది. రెంటిమీదా అలల్లాంటి గీతలు.

"కనకలక్ష్మిగారూ, ఒకటి అడుగుతాను. ఇష్టం లేకపోతే చెప్పకండి. ఈ గీత చదువు వచ్చినవాళ్లది. తెరమీద అక్షరం పడగానే, రెప్పపాటులో సగం కాకముందే, ఎడమవైపు వెనక భాగంలో ఇదిగో ఇలా అల లేస్తుంది. వాళ్లు కావాలని చేసేది కాదు, వద్దన్నా లేస్తుంది. ఇది మీ గీత. చెంబుకి ఎంతో, పిచ్చిగీతలకి ఎంతో, అక్షరానికీ అంతే."

కనకలక్ష్మి గీతని చూసింది. ఎండాకాలం కాలవలో నీళ్లలాగా పారుతోంది.

"తీగ సరిగా అంటుకోలేదేమో."

"నేనూ అదే అనుకున్నానండి. రెండు వారాలు తీగల్నే తిట్టుకున్నాను. నవీన్‌నీ తిట్టాను. మూడుసార్లు మార్చి చూశాం."

బయట ఎక్కడో లారీ వెనక్కి వస్తూ కూత పెడుతోంది. ఆ మోత ఆగేదాకా కనకలక్ష్మి తన గీతమీద వేలు ఆనించి ఉంచింది.

"యాభై రెండేళ్లమ్మా," అంది చివరికి. "అత్తగారికి దొరకలేదు. కన్నకొడుక్కి దొరకలేదు. నీకు టోపీలో దొరికాను."

సంయుక్త నవ్వలేదు. "నేనెవరికీ చెప్పను. కానీ తెలిశాక మిమ్మల్ని చదివేవాళ్ల జాబితాలో ఉంచలేను. రెండే దారులున్నాయి. ఒకటి, మీ కాగితాలు తీసేస్తాను. ఎవరికీ ఏమీ తెలియదు. మీరు ఇంక రానక్కర్లేదు. రెండోది, మిమ్మల్ని రెండో జాబితాలోకి మారుస్తాను. దానికి కొత్త అంగీకారపత్రం కావాలి. చదవలేనివాళ్లయితే ఇంట్లోవాళ్లొకరు అది మొత్తం పైకి చదివి వినిపించి, వినిపించామని సంతకం చెయ్యాలి. అప్పుడు మీరు నా ముందు వేలిముద్ర వెయ్యాలి. మా సంస్థ నియమం."

"పోచమ్మ చదివి వినిపించకూడదూ?"

"పోచమ్మకీ రాదు కదండి."

"అవునవును," అంది కనకలక్ష్మి. ఆ స్థితిలోనూ ఇద్దరికీ కాస్త నవ్వొచ్చింది.

"తొందరేం లేదు. వచ్చే మంగళవారం కాక పై మంగళవారం లోపల చెప్పండి." సంయుక్త కాగితాలు సర్దుతూ, తల ఎత్తకుండా, "మీరు రాకపోతే నాకు బాగుండదు. అది నియమం కాదులెండి," అంది.

*

ఆ రెండు వారాలు కనకలక్ష్మి మింగలేక కక్కలేక తిరిగింది. చెప్పకపోతే మంగళవారం పోతుంది. ఆ గది, ఆ కబుర్లు, తలమీద ఆ చెయ్యి, అన్నీ పోయి మళ్లీ ఏడు రోజులకి ఏడూ బాల్కనీయే మిగులుతుంది. చెబితే కొడుకు ముందు తలెత్తుకోవడం ఎలాగ? 'మా అమ్మ రోజూ గంట చదువుతుంది, నేను పేపరు కూడా చదవను' అని వాడు వచ్చినవాళ్లందరి దగ్గరా చెప్పుకుంటాడు.

ఒకరోజు అంట్లు తోముతున్న పోచమ్మని కదిపి చూసింది.

"నీకు చదువు రాదని ఎవరైనా నవ్వితే ఏం చేస్తావే?"

"నవ్వితె నవ్వనియ్యి. ఆల్ల పండ్లే కనవడ్తయి," అంది పోచమ్మ. "మా అవ్వకు రాదు, మా అత్తకు రాదు, నాకెట్లొస్తది? గందుకు ఫికర్ ఏంది? నీ లెక్క సదువుకుంటె గీ బోళ్లు తోముతుంటినా?"

కనకలక్ష్మి లోపలికి వెళ్లిపోయింది. పోచమ్మకి రాకపోవడం వేరు. తనది రాకపోవడం మాత్రమేనా? దానిమీద ఒక ఇంటి కప్పు నిలబెట్టుకుంది. అదీ ఒక్కతే కాదు.

రామచంద్రంగారికి తెలిసింది కాపరానికి వచ్చిన మొదటి నెలలోనే. వారపత్రిక తెచ్చి, ఇందులో కథ బాగుంది చదువు అని చేతికిచ్చారు. ఆవిడ విప్పి పట్టుకుంది. ఆయన పీటమీద కూర్చుని భోంచేస్తూ చూశారు. ఈవిడ చూపు పుట మధ్యలో ఒక్కచోటే నిలబడి ఉంది. పంతులు కదా, చదివే కళ్లు ఎలా కదులుతాయో ఆయనకి తెలుసు. మజ్జిగన్నం తిని, చెయ్యి కడుక్కుని, వాళ్లమ్మకి వినబడేలాగా, "కనకం చదువుకోడానికి ఈ దీపం చాలట్లేదు, ఇంకోటి తేవాలి," అన్నారు. ఆవిడ గుడ్లప్పగించి చూసింది. అబద్ధం చెప్పి పెళ్లి చేశారని తెలిస్తే అత్తగారు ఆ సాయంత్రమే బండి కట్టించి ఉండును. ఆయన రెండో దీపం నిజంగానే తెచ్చారు.

రెండు వేసవులు గడ్డివాము చాటున అక్షరాలు దిద్దించబోయారు. ఎప్పుడు మొదలుపెట్టినా అత్తగారు దూడ కోసం వచ్చేది. ఇంక ఊరుకున్నారు. ఇద్దరి మధ్యా ఈ సంగతి అలా ఉండిపోయింది. పదిమందిలో ఎవరైనా కాగితం చేతికిస్తే ఆవిడ ఆయనవైపు చూసేది. ఆయన దగ్గి, 'ఇలా ఇవ్వు, నీ కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయావుగా' అనేవారు. ఆ దగ్గు ఎందుకో మూడో మనిషికి తెలియదు. ఇప్పుడు కొడుక్కి చెబితే ఆ దగ్గు కూడా చెప్పేసినట్టే. ఆయన తాలూకు వస్తువులు చాలానే ఉన్నాయి, చొక్కాలు, చేతికర్ర, గడియారం. ఇద్దరికి మాత్రమే ఉన్నది ఇదొక్కటే.

ఈలోగా మంగళవారం ఒకటి జరిగిపోయింది, జీపు పోచమ్మని ఒక్కదాన్నే ఎక్కించుకుని వెళ్లింది. బాల్కనీలోంచి అది మలుపు తిరిగేదాకా చూసింది. ఆ పూట వంటింట్లో తనతో తనే పైకి మాట్లాడుకుంటోందని ఆవిడకి మధ్యాహ్నానికి గాని తెలియలేదు. భయమేసింది.

*

ఆదివారం సుష్మ పక్క ఫ్లాటుకి పేరంటానికి వెళ్లింది. సుబ్రహ్మణ్యం సోఫాలో పేపరు తిరగేస్తున్నాడు. కనకలక్ష్మి ఆ రోజు సంయుక్త ఇచ్చి పంపిన పత్రం తెచ్చి వాడి ఒళ్లో పెట్టింది.

"సుబ్బూ, ఇది పైకి చదివి వినిపించి సంతకం పెట్టాలిరా."

"కళ్లద్దాలేవమ్మా?"

"కళ్లద్దాలు కాదు. చదువు."

వాడు పై వరుస చూశాడు. "ఇది పోచమ్మది. చదవడం రానివాళ్ల పత్రం. పొరపాటున నీకిచ్చారు."

"నాదే."

వాడు నవ్వబోయి ఆవిడ మొహం చూసి ఆగాడు. "నువ్వు రోజూ చదువుతావుగా?"

"అది నోటికొచ్చు."

"నా మార్కుల కాగితాలమీద సంతకాలు పెట్టేదానివి."

"సంతకమూ వచ్చు. మార్కులు నీ మొహంలో చూసుకునేదాన్ని."

సుబ్రహ్మణ్యం పేపరు మడిచి పక్కన పెట్టాడు. కోపం కాదు, వెతుకుతున్నవాడిలా గోడవైపు చూశాడు. "నాన్నకి తెలుసా?"

"మొదటి నెల్లోనే తెలిసింది."

"ఇద్దరూ కలిసి..." అని ఆగిపోయాడు. గొంతు మార్చి అడిగాడు. "కాకినాడ హాస్టల్‌నుంచి నీకొక ఉత్తరం రాశాను. గుర్తుందా?"

కనకలక్ష్మి ఇన్నాళ్లూ తన పరువు గురించే ఆలోచించింది గాని, ఈ ఉత్తరం సంగతి ఆవిడకి తట్టనేలేదు. ఎదురుగా కుర్చీలో కూర్చుంది.

"పైన 'అమ్మకు మాత్రమే' అని రాశాను."

"పోస్టుమాన్ నా చేతిలో పెట్టాడు. పైన ఏముందో నాకెలా తెలుస్తుందిరా? బడినుంచి రాగానే మీ నాన్నకిచ్చాను."

"మొత్తం చదివారా?"

"పైకే చదివారు, నాకు వినిపించాలిగా. పరీక్షలు పోయాయి, ఇంక చదవను, రైలెక్కి ఎటో పోతాననిపిస్తోంది అన్నదీ చదివారు. నాన్నకి తెలిస్తే ఆ గడప తొక్కనన్న దగ్గర ఆగి, మంచినీళ్లు తాగి, ఆ తరవాత ముక్క చదివారు."

"మరి నీ జవాబు?"

"నేను చెప్పాను, ఆయన రాశారు."

"అది నాన్న చేతిరాత కాదు. ఆయనది ముత్యాలకోవ. అదంతా వంకరటింకరగా..."

"నాది అనుకోవాలని అలా రాశారు. మూడు కాగితాలు పాడయ్యాయి. వంకరగా రాద్దామన్నా చెయ్యి తిన్నగానే పోయేది పాపం. నాలుగోది కుదిరింది."

సుబ్రహ్మణ్యం రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. "ఆ తరవాత పన్నెండేళ్లు బతికారు. ఒక్కసారి కూడా ఎత్తలేదు."

"చెప్పొద్దని నువ్వే రాశావు కదరా. నేను చదవలేదనుకో కనకం, అన్నారు. అలాగే ఉన్నారు."

వాడు పత్రం తీసుకుని మొదటినుంచి చివరిదాకా పైకి చదివాడు. బడిలో పాఠం ఒప్పజెబుతున్న పిల్లాడిలా, ఎక్కడా ఎత్తూ పల్లం లేకుండా. 'నాకు చదవడం రాదు, ఈ పత్రంలోని విషయాలు నాకు చదివి వినిపించబడినవి' అన్న చోట కూడా ఆగలేదు. సంతకం పెట్టి, లేచి, గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

*

మంగళవారం సంయుక్త సిరా బిళ్ల తెచ్చి బల్లమీద పెట్టింది. కనకలక్ష్మి ఎడమ బొటనవేలు దానిమీద ఒత్తి, కాగితంమీద ఒత్తింది. ఆ వేలు కాగితంమీద పడటం పుట్టాక అదే మొదలు.

"ఇంట్లో ఏమన్నారండి?"

"ఏమీ అనలేదు. అదే కష్టంగా ఉంది. వేళకి కాఫీ ఇస్తే తాగుతున్నాడు, మందులు వేసుకున్నావా అని అడుగుతున్నాడు. మనిషి మాత్రం నా మొహం చూడటం లేదు."

 మాట తోచనప్పుడు పనిచెయ్యడం సంయుక్త అలవాటు. టోపీ తొడిగింది, తీగలు పెట్టింది. ఇవాళ చెంబు వచ్చినప్పుడూ అక్షరం వచ్చినప్పుడూ కనకలక్ష్మి భయం లేకుండా చూసింది. రానిది రానట్టుగా చూడటం ఇంత తేలికని ఆవిడకి అప్పుడే తెలిసింది. తల కడుగుతూ సంయుక్త, వచ్చే ఏడు కొందరికి చదువు నేర్పి, అల లేస్తుందేమో మళ్లీ చూస్తామని, ఇష్టమైతే చేరవచ్చని చెప్పింది.

"చూద్దాంలే అమ్మా. నేర్పుదామనుకున్నాయనకే కుదరలేదు," అంది కనకలక్ష్మి.

మంగళవారం నిలబడింది. కానీ ఇల్లు ఇంకాస్త మూగదయింది. ఇదివరకు లేనిది కొడుకు కబుర్లే. ఇప్పుడు వాడి చూపూ లేదు. సుష్మ రెండు మూడుసార్లు ఏం జరిగిందని అడిగి, ఇద్దరూ చెప్పకపోయేసరికి ఊరుకుంది. పొద్దున్న పారాయణానికి కూర్చుంటే పుస్తకం తెరవడానికి కనకలక్ష్మికి చెయ్యి రాలేదు. తెరవకుండానే చెప్పుకుంది. తిప్పడానికి పుటలు లేకపోయేసరికి గంట పని ముప్పావుగంటలో అయిపోయింది. మిగిలిన పావుగంట ఏంచెయ్యాలో తోచలేదు.

ఆ ఆదివారానికి పది రోజులకి, బుధవారం, పట్టపగలు తాళం తిరిగింది. సుబ్రహ్మణ్యం. బూట్లు కూడా విప్పకుండా వచ్చి, ఆవిడ బియ్యం ఏరుతున్న చాప అంచున కూలబడ్డాడు.

"ఒంట్లో బాగాలేదా నాన్నా?"

"బాగానే ఉంది." చేటలోంచి ఒక మట్టిగడ్డ ఏరి పక్కన వేశాడు. "ఆ జవాబు రెండేళ్లు నా ట్రంకుపెట్టెలో దాచుకున్నాను. హాస్టల్ ఖాళీ చేసినప్పుడు పోయింది. అందులో ఏముందో నీకు గుర్తుందా?"

"ఎందుకుండదు?"

"చెప్పు."

కనకలక్ష్మి చేట పక్కన పెట్టింది. కళ్లు మూసుకోలేదు, తడుముకోలేదు.

"'చిరంజీవి సుబ్రహ్మణ్యానికి అమ్మ దీవించి వ్రాయునది. నీ ఉత్తరం అందినది. తలకు నూనె పెట్టుకుంటున్నావో లేదో, వేడిచేసి ఉంటుంది, మజ్జిగ తాగుము. మన గేదె ఈనినది, పెయ్యదూడ. రైలు ఎక్కవలెనని అనిపించినచో మన ఊరి రైలే ఎక్కుము.' ఇక్కడిదాకా నేను చెప్పిందే. ఆయన కాస్త గ్రాంథికం పెట్టారు."

"తరవాత?"

"'లెక్కలు పోయినవని బాధపడకుము. నాకు కూడా లెక్కల కాగితం చూసిన చేతులు చల్లబడెడివి. రెండుసార్లు తప్పితిని. మూడవసారి గట్టెక్కితిని. ఈ సంగతి ఈ ఇంటిలో ఎవరికీ తెలియదు. నీకు మాత్రమే వ్రాయుచున్నాను.'"

సుబ్రహ్మణ్యం తల వంచుకునే ఉన్నాడు. "అది చదివి అప్పట్లో నవ్వుకున్నాను. అమ్మ అయిదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పిందా అని. నీమీద జాలిపడి మళ్లీ చదువు మొదలుపెట్టాను, తెలుసా?"

"నాకు లెక్కలెక్కడివిరా."

వాడు తలెత్తి చూశాడు. పది రోజుల తరవాత అదే మొదటి చూపు.

"పంతుళ్ల ట్రైనింగులో ఆయనకి రెండుసార్లు లెక్కలు పోయాయట," అంది కనకలక్ష్మి. "ఊరందరికీ ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి. రాసి, నాకు చదివి వినిపించేదాకా నాకూ తెలియదు. నా పేరు పెట్టి నీకు చెప్పుకున్నారు."

వాడు చాపమీద బియ్యపుగింజలు ఒక్కొక్కటే వేలితో చేటవైపు నెట్టాడు. తరవాత, "ఆ ముక్క మళ్లీ చెప్పమ్మా. లెక్కల దగ్గర్నుంచి," అన్నాడు.

చెప్పింది. ఒక్క మాట అటూ ఇటూ కాలేదు. మూడోసారి అడిగితే మూడోసారీ చెప్పింది. ఆ తరవాత వాడు లేచి, మొహం కడుక్కుని, మళ్లీ ఆఫీసుకి వెళ్లాలి అన్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "అంతేనా? ఇంకేమీ లేదా?" అని అడిగాడు.

"'ఇట్లు, అమ్మ.' అంతే," అంది కనకలక్ష్మి.

స్కూటరు చప్పుడు మలుపుదాకా వినిపించి ఆగిపోయింది. ఆవిడ చేట ఒళ్లోకి తీసుకుంది. ఆ నాలుగో కాగితం మడిచి కవరులో పెట్టాక రామచంద్రంగారు దీపం తగ్గించి ఒక మాట అన్నారు. అది ఉత్తరంలోది కాదు, వాళ్లిద్దరిదే కాబట్టి ఆవిడ వాడికి చెప్పలేదు.